రాగి పలకకు ఇస్త్రీ

వజ్రమ్మ ఇస్త్రీ పెట్టెను కాగితం మీద దించి, రెండు చేతుల బరువూ దానిపైన వేసి నిలబడింది. బట్టకైతే పెట్టెను నడిపించాలి. ఇక్కడ నడిపించకూడదు. కాగితం వెంట్రుకవాసి జరిగినా కింద రాగి మీద గీతలు అలుక్కుపోతాయి. అందుకని మోచేతులు బిగించి, భుజాల నుంచి బరువును కిందికి వదిలి, కదలకుండా ఉంటుంది. కిటికీ లేని గది. పైన రేకుల కప్పు. ఎండాకాలం ఇంకా పూర్తిగా రాలేదు గానీ రేకులు అప్పుడే కాగి టక్కుటక్కుమంటున్నాయి. చెంప మీదుగా జారిన చెమట గడ్డం కింద బొట్టు కడుతుంటే, అది కాగితం మీద పడకుండా తల తిప్పి భుజానికి తుడుచుకుంది.

మెదక్ బస్టాండు దాటాక హవేలిఘనపూర్ రోడ్డులో ఉన్న ఆ దుకాణంలో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు చేస్తారు. కరెంటు పోయి వచ్చినప్పుడు రైతు పొలం దాకా పరుగెత్తనక్కర లేకుండా, మోటారును తనంతట తానే నడిపించే పెట్టె అది. పెట్టె లోపల అరచేయంత బోర్డు ఉంటుంది. ఆ బోర్డు తయారయ్యేది ఈ వెనక గదిలో. కంప్యూటర్లో గీసిన గీతలను లేజర్ ప్రింటరులో నున్నటి కాగితం మీద ఉల్టాగా తీస్తారు. ఆ కాగితాన్ని రాగి పూత ఉన్న పలక మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే, ప్రింటరు నల్లపొడి కరిగి రాగికి అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి కాగితాన్ని వేళ్ళతో నలిచి తీసేస్తే నల్లగీతలు మిగులుతాయి. ఆ పలకను మందునీళ్ళలో వేస్తే గీతల కింద ఉన్న రాగి నిలుస్తుంది. మిగతా రాగి అంతా కరిగిపోతుంది.

ఏ గీత వెంట కరెంటు ఎక్కడికి పోతుందో వజ్రమ్మకు తెలియదు. ఆమెకు తెలిసింది వేడి. పెట్టె అడుగు వేడి ఎంత దూరం నుంచి ముఖానికి తగులుతుందో చూసి చాలు, చాలదు అనుకుంటుంది.

వెనకట రామదాస్ చౌరస్తా దగ్గర ఆమెకు ఇస్త్రీ బండి ఉండేది. పుట్టింటివాళ్ళదీ అత్తింటివాళ్ళదీ బట్టలుతికే వృత్తే. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త నిజామాబాద్ వైపు ఎవరితోనో పోయి, మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. పిల్లలు లేరు. బొగ్గుల పెట్టె ఒకటి, నాలుగు చక్రాల బండి ఒకటి మిగిలాయి. ఒకనాడు ఊరంతా కరెంటు పోయి ఉన్న వేళ స్టార్టర్ల వెంకట్రాములు సేటు చెమటలు కక్కుతూ వచ్చి, బండి మీద ఒక రాగి పలక పెట్టాడు.

"గీనికి జర ఇస్త్రీ చెయ్యమ్మా. ఇంట్ల కరెంటు లేదు. నీది బొగ్గుల పెట్టె గదా."

"రేకుకు ఇస్త్రీ ఏంది సేటూ?" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నవ్వుతూనే చేసింది. కాగితం తీసి చూశాక సేటు ఆ పలకను ఎండకు పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాడు. ఒక్క గీత కూడా తెగలేదు. తను చేస్తే మూడింట్లో రెండు పాడవుతాయని చెప్పాడు. వారం తిరక్కుండానే దుకాణానికి రమ్మని అడిగాడు. అప్పటి నుంచి ఆమె ఈ గదిలోనే ఉంది. నల్లటి జుట్టుతో వచ్చింది. ఇప్పుడు పాపట దగ్గర నల్లవెంట్రుకలు వెతుక్కోవాలి.

ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. సేటు పలకలను మందునీళ్ళలో ముంచి తీసి, ముందర గదిలో కూర్చుని సామాను అతికించేవాడు. ఆమె వెనక గదిలో పెట్టె పట్టుకొని నిలబడేది. పలక తీసుకుపోయి ఇస్తే అంచులు పట్టి అందుకునేవాడు. లైటు కింద తిప్పి చూసి, బాగుంటే తల ఊపేవాడు. బాగా లేకపోతే పక్కన పెట్టి, "ఇంకోటి జేద్దాం తియ్యి" అనేవాడు. అంతే. ఆమె కిరాయికుండే ఇంటివాళ్ళు ఇప్పటికీ ఆమెను ఇస్త్రామె అంటారు. రోజూ పేరు పెట్టి పిలిచే మనిషి ఆయన ఒక్కడే.

ఆయన దుకాణానికి రాక నెల దాటింది. ఆయాసం. హైదరాబాద్ దవాఖానలో కొన్ని రోజులు ఉంచుకొని ఇంటికి పంపించారు. ఇల్లు దుకాణానికి దగ్గరే, రెండు గల్లీలు దాటితే వస్తుంది. వజ్రమ్మ ఒకసారి గేటు దాకా పోయింది. ఏం పని మీద వచ్చావంటే ఏం చెప్పాలో తోచక, కాసేపు నిలబడి తిరిగొచ్చింది.

కాగితం నానింది. నీళ్ళలో చేయి పెట్టి మెల్లగా నలిచింది. కాగితంతో పాటు నల్లగీతలు కూడా పెచ్చులుగా లేచి వచ్చాయి. పొద్దుట నుంచి ఇది రెండోది.

ముందర గదిలో ఇంద్రకరణ్ గొంతు పెరుగుతోంది. హవేలిఘనపూర్ పక్కన ఆయనకు పొలం ఉంది. దుకాణం తెరవకముందే వచ్చి షట్టరు దగ్గర కూర్చున్నాడు. చేతిలో కాలిపోయిన బోర్డు, పాత రుమాలులో చుట్టి.

"వరి పొట్టకొచ్చింది ప్రశాంతూ. రెండొద్దులాయె మడి తడవక. గియ్యాల నీళ్ళు పారకపోతే గింజ పట్టది, తాలు పోతది."

"కొత్త స్టార్టర్ కొనుక్కోరాదు పటేలా? రెడీమేడ్ వస్తున్నయి" అన్నాడు ప్రశాంత్. సేటు కొడుకు. ముప్పై దాటినవాడు. తండ్రి మంచం పట్టిన దగ్గర నుంచి దుకాణం చూసుకుంటున్నాడు.

"కొన్న. నా మోటర్‌కు ఆగలే. ఒక్క దినంల కాలింది. మీ నాయన జేసిచ్చినదే నడిచింది ఇన్నేండ్లు. గసొంటిదే కావాలె నాకు."

ప్రశాంత్ వెనక గదిలోకి వచ్చి, వజ్రమ్మ చేతిలోని పలక చూసి నుదురు కొట్టుకున్నాడు.

"మళ్ళ లేసిందా అక్కా? వేడి సాలలేదేమో?"

"వేడి సరిగనే ఉన్నది. పొడి పట్టుకుంటలేదు."

"పరేశాన్ అయితుంది నాకు. ఏం జేద్దాం?"

వజ్రమ్మ పలకను పాత గుడ్డతో తుడిచింది. చేతులు తుడుచుకుంది. ఆ మాట అనాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, అనేసింది.

"సేటునడిగొస్త."

ప్రశాంత్ తల ఊపాడు. "పో అక్కా. మెలకువగ ఉంటెనే అడుగు."

ఆమె ముఖం కడుక్కుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పాడైన పలకను కాగితంలో చుట్టి, గాజు సామాను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని నడిచింది. గల్లీ మొదట్లో బడిపిల్లలు ఐస్‌బండి చుట్టూ మూగి ఉన్నారు. చర్చి గంట కొడుతోంది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. గడియ తీసింది.

సేటు భార్య యశోదమ్మ తలుపు తీసి, "నువ్వా వజ్రమ్మా, రా" అని లోపలికి చూసి చెప్పింది. "దుకాణం నుంచి వజ్రమ్మ వచ్చింది."

"రమ్మను" అంది లోపలి నుంచి గొంతు. అది ఆయన గొంతులా లేదు. పగిలిన పిల్లనగ్రోవిలోంచి వచ్చినట్టుంది.

వజ్రమ్మ గడప ఇవతలే నిలబడింది. సేటు మూడు దిండ్లకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. మెడ సన్నబడింది. బనీను భుజాల మీంచి జారుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడి మళ్ళీ పూడుతోంది. ఆ గుంటను చూస్తూ ఉండలేక ఆమె నేలకేసి చూసింది.

"ఎట్లున్నది సేటూ?"

"గిట్లున్న. దుకాణం?"

"నడుస్తుంది."

పలక ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. వేలితో తడిమాడు. అంతసేపూ ఆయాసం కొంచెం తగ్గినట్టనిపించింది ఆమెకు.

"నీ వేడి మంచిగనే ఉన్నది. పొడే మంచిది కాదు. పిలగాడు ప్రింటరు డబ్బ యాడ్నో నింపించిండు." ఊపిరి కోసం ఆగాడు. "అంటుకున్నంత అంటుకోనియ్యి. లేసినకాడ మార్కరుతోని గీయి. పాత బోర్డు చూసుకుంట."

"నేనా? నాకేడ వస్తది సేటూ? నేను ఇస్త్రీ చేసేదాన్ని."

"ఇన్నేండ్ల సంది నా గీతలే చూస్తున్నవ్" అన్నాడు ఆయన. "నీకు రాకుంటె ఇంకెవరికొస్తది?"

పలక తీసుకోవడానికి ఆమె గడప దాటి వచ్చింది. ఆయన ఆ అంచు పట్టి ఇచ్చాడు. ఆమె ఈ అంచు పట్టి తీసుకుంది.

"తిన్నవా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఆమె టిఫిను డబ్బా వెనక గదిలో, ఆయనది ముందర గదిలో. అడగాల్సిన అవసరం రాలేదు.

"పోయి తింట సేటూ."

"ఎండ మస్తున్నది. నీడకు నీడకు పో."

ఆమె నీడకు నీడకే పోయింది. గల్లీలో నీడ ఒక గోడ వెంబడి సన్నగా ఉంది. అది తెగినచోట రోడ్డు దాటి అవతలి గోడ పక్కకు చేరింది. అలా దాటడం వల్ల దూరం ఎక్కువైంది. అయినా అలాగే పోయింది.

దుకాణానికి వచ్చి తినలేదు. తింటానని చెప్పిన మాట గుర్తుంది గానీ, ముందు పని. మూడో పలకను పాత్రలు తోమే పీచుతో మెరిసేదాకా రుద్దింది. కాగితం పెట్టి ఇస్త్రీ చేసింది. ఈసారి నలవకుండా, నీళ్ళలోనే దానంతటది వదిలేదాకా ఆగింది. సగానికి పైగా గీతలు నిలిచాయి. ఒక మూలన మాత్రం లావుగీతలు లేచిపోయి, రాగి బోసిగా మెరుస్తోంది.

ప్రశాంత్ సన్నటి మార్కరు ఇచ్చి, కాలిపోయిన బోర్డును పక్కన పెట్టాడు. "నాయిన నిన్ను గీయమన్నడా?" అని అడిగాడు. నమ్మలేనట్టు కాదు. తెలుసుకుందామని.

"అవ్."

"అయితె గీయి."

స్టూలు మీద కూర్చుంది. ఈ గదిలో కూర్చుని చేసే పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. కాలిన బోర్డు మీద మసి కింద గీతలు కనిపిస్తున్నాయి. వాటిని చూస్తే ఎప్పుడో తను అద్దినవేనని తెలుస్తోంది. సేటు గీతలు మూల తిరిగేచోట మొనతేలవు. ఏటవాలుగా ఒరిగి తిరుగుతాయి. బండి మలుపు తీసుకున్నట్టు. అది ఆమె ఎన్నడూ మనసులో అనుకోలేదు, కానీ చేయి మూల దగ్గరకు వచ్చేసరికి దానంతటదే ఒరిగింది. మొదటి గీత వణికింది. గుడ్డకు కొంచెం థిన్నరు అద్ది తుడిచి మళ్ళీ గీసింది. రెండోది నిలిచింది. ఊపిరి బిగబట్టి గీసి, గీత చివర వదిలి, మళ్ళీ బిగబట్టింది. పని అయిపోయాక చూస్తే ఏవి ప్రింటరు గీతలో ఏవి తన గీతలో దగ్గర పెట్టుకుంటే గానీ తెలియడం లేదు. ఆమెకు నవ్వొచ్చింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

పలకను మందునీళ్ళ ట్రేలో వేసి, ఒక అంచు ఎత్తుతూ దించుతూ ఊపింది. గోధుమరంగు నీళ్ళు అటూ ఇటూ పాకుతుంటే రాగి అంచుల నుంచి కరగడం మొదలైంది. తర్వాత కడిగి, థిన్నరుతో నల్లపూత తుడిచేస్తే, కింద కొత్త రాగి గీతలు గులాబీరంగులో బయటపడ్డాయి. ప్రశాంత్ రంధ్రాలు వేసి, సామాను అతికించడానికి కూర్చున్నాడు. ఇంద్రకరణ్ గుమ్మంలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంటున్నాడు.

దాదాపు అంతా అతికించాక ప్రశాంత్ ఫోను మోగింది. విన్నాడు. కాలుతున్న సోల్డరింగ్ కడ్డీని స్టాండులో పెట్టి లేచాడు.

"అక్కా, ఇంటికి పోయొస్త. గీ రెండు వైర్లు అతికించి పటేలుకియ్యి."

చెప్పులు వేసుకోకుండానే బైకు ఎక్కాడు. అది ఆమె చూసింది. ఆయాసం ఎక్కువైందేమో, దవాఖానకు తీసుకుపోతారేమో అనుకుంది. రెండు వైర్లు అతికించింది. బోర్డును గోడకున్న స్విచ్చుల పెట్టెకు తగిలించి స్విచ్చి వేసింది. కాస్త ఆగి బోర్డు మీద, మోటారుకు కరెంటు కలిపే రిలే టక్కుమంది. పచ్చలైటు వెలిగింది.

"నడుస్తదా వజ్రమ్మా?"

"నడుస్తది పటేలా."

"మీ సేటుకు చెప్పు, నా వరి బతికిచ్చిండని." ఆయన బోర్డును రుమాలులో చుట్టుకొని పరుగులాంటి నడకతో పోయాడు.

వజ్రమ్మ చాలాసేపు ఆగింది. ప్రశాంత్ రాలేదు. ఫోను చేయడానికి ఆమె దగ్గర ఫోనుంది గానీ, ఆయాసపడే మనిషి పక్కన ఉన్నవాళ్ళను ఏం కదిలిస్తామని చేయలేదు. షట్టరు దించి తాళం వేసింది. సేటు ఇంటికి పోవడానికి ఇప్పుడు రెండు పనులున్నాయి. తాళంచెవి ఇవ్వాలి. మార్కరు గీత నిలిచిందని చెప్పాలి. ఆ రెండోదాన్ని ఎలా చెప్పాలో నడుస్తూ కూడబలుక్కుంది.

గల్లీ మొదట్లో ట్రాలీ ఆటోలోంచి ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు. ఎవరింట్లో ఏం కార్యమో అనుకుంది. నాలుగడుగులు వేసింది. సేటు గేటు ముందు పిడక మీద నిప్పు పొగలేస్తోంది.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"మధ్యాహ్నమే పోయిండట" అంటున్నాడు కుర్చీలు దించే మనిషి ఇంకొకతనితో. "బువ్వ గలుపుకొచ్చేసరికి మెడ వాలేసిండంట."

తను స్టూలు మీద కూర్చున్న వేళ. బహుశా మొదటి గీత వణికిన వేళ. తర్వాత ఎప్పుడో, కన్నీళ్ళు తుడుచుకున్నాక ఎవరో కొడుక్కి ఫోను చేశారు. చుట్టాలకు చేశారు. కుర్చీలవాడికి చేశారు. ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అందులో వాళ్ళ తప్పు ఆమెకేమీ కనిపించలేదు. తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకొని, ప్రహరీ గోడ పక్కగా లోపలికి పోయింది.

పొద్దు గూకకముందే తీసుకుపోవాలంటున్నారు. దగ్గరి చుట్టాలంతా వచ్చేశారు. పెరట్లో చెక్కబల్ల మీద సేటును పడుకోబెట్టి స్నానం చేయిస్తున్నారు. ప్రశాంత్ బిందెతో నీళ్ళు పోస్తున్నాడు. యశోదమ్మ గోడకు ఒరిగి కూర్చుంది. సేటు అక్క, నిజాంపేట నుంచి వచ్చిన పెద్దావిడ, అన్నీ ముందుండి చేయిస్తోంది. వజ్రమ్మ ఇస్త్రీ బండి నడిపిన రోజులు ఎరిగిన మనిషి. తల ఎత్తి చూసి వెంటనే గుర్తుపట్టింది.

"చాకలామె వచ్చినవా? మంచిగైంది. లోపట మంచం కింద తమ్ముని బట్టలున్నయి, మూట గట్టుకో. నీకే గదా చెందేది."

చావింట్లో పోయినవాళ్ళ బట్టలు తీసుకోవడం తన తల్లి చేసిన పని. అత్త చేసిన పని. వజ్రమ్మ కదలకుండా నిలబడింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు తప్ప చెవులకు ఇంకేమీ వినపడలేదు.

"గీ వేళ్ళకు పచ్చన ఏందిరా? పోతనే లేదు" అంది పెద్దావిడ. సబ్బుతో రుద్దింది. సున్నిపిండితో రుద్దింది. సేటు కుడిచేతి వేళ్ళ మీద, గోళ్ళ మొదళ్ళలో, ఏళ్ళ తరబడి మందునీళ్ళు పట్టించిన పసుపుగోధుమ మరక అలాగే ఉంది. నెల రోజులు మంచంలో ఉన్నా అది పోలేదు. "గిట్లనే పంపిస్తమా తమ్ముణ్ణి?"

ప్రశాంత్ బిందె దించాడు. చుట్టూ చూశాడు. గోడ దగ్గర వజ్రమ్మ కనిపించింది.

"అక్కా" అన్నాడు. "గిది ఎట్ల పోతది?"

"నిమ్మకాయ" అంది ఆమె. "నిమ్మకాయ, ఉప్పు."

ఎవరో లోపలి నుంచి నిమ్మకాయ కోసి తెచ్చారు. తెచ్చినవాళ్ళు ఎవరికివ్వాలో తెలియక చూస్తుంటే, గోడకొరిగిన యశోదమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "వజ్రమ్మకియ్యుండ్రి. ఆమెకు తెలుసు."

వజ్రమ్మ బల్ల పక్కన గొంతుక్కూర్చుంది. తాళంచెవి కొంగుకు ముడివేసుకుంది. సేటు చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. అంత బరువుంటుందనుకోలేదు. ఇన్నేళ్ళు పలక అంచులు పట్టి ఇచ్చుకోవడమే తప్ప ఆ చేయి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. గరుకుగా, చల్లగా ఉంది. నిమ్మచెక్కను ఉప్పులో అద్ది చూపుడువేలు రుద్దింది. మరక కొంచెం కొంచెంగా వదిలింది. మధ్యవేలు రుద్దింది. తొందరపడలేదు. ఒక్కో గోరు మొదట్లోకి రసం దిగేదాకా ఆగింది. ప్రశాంత్ సన్నధారగా నీళ్ళు పోస్తున్నాడు. అయిపోయిన వేలు మామూలు వేలులా తెల్లబడింది. ఎవరి వేలైనా కావచ్చన్నట్టు.

బొటనవేలు దగ్గరకు వచ్చి ఆమె ఆగింది.

"గది గుడ జెయ్యి" అంది పెద్దావిడ.

"గది పోదమ్మా" అంది వజ్రమ్మ.

పోతుంది. ఇంకొంచెం రుద్దితే పోతుంది. ఆమె ఆ చేతిని మెల్లగా సేటు పక్కన ఆనించి పెట్టి లేచింది.

కాసేపటికి పాడె లేచింది. డప్పు చప్పుడు గల్లీ మలుపు తిరిగింది. ఆడవాళ్ళు ఇల్లు కడగడం మొదలుపెట్టారు. వజ్రమ్మ కొంగుముడి విప్పి తాళంచెవిని యశోదమ్మ చేతిలో పెట్టింది. ఇంకేమైనా చెప్పాలనుకుంది. ఇంద్రకరణ్ చెప్పమన్న మాట ఉంది. గీత నిలిచిందన్న మాట ఉంది. అవి యశోదమ్మకు చెప్పే మాటలు కావు.

గేటు దాకా వచ్చాక పెద్దావిడ వెనక నుంచి పిలిచింది. "బట్టలు మర్చిపోయి పోతున్నవ్."

వజ్రమ్మ వెనక్కి తిరిగింది.

"నేను బట్టలకు రాలేదమ్మా. సేటు తాన పనిచేస్త."

పెద్దావిడ మూట పట్టుకొని అలాగే నిలబడింది. వజ్రమ్మ గేటు గడియ వేసి, గల్లీలోకి నడిచింది. ఎండ పోయింది. నీడ వెతుక్కోవాల్సిన పని లేదు.

పెరడు కడిగే మనిషి చెక్కబల్లను గోడకు నిలబెట్టింది. బిందె బోర్లించింది. నీళ్ళన్నీ చీపురుతో కాలవలోకి తోసింది. చీపురు అందని మూలలో పిండేసిన నిమ్మచెక్క ఒకటి మిగిలింది, లోపలి తెలుపంతా పసుపుగోధుమ రంగుకు తిరిగి.